తుపాకీ తయారయ్యే ఇంట్లో ఇంకెవరుంటారు?

ఒక రచయిత్రి తన కొత్త నవల మీద అభిప్రాయం చెప్పమని రాతప్రతి పంపిస్తుంది. అది ఇంకా పూర్తికాలేదు. అయినా ఆమె దాన్ని నవల అనే అంటుంది. ఒకతను ఐకియాలో బల్ల కొన్నానని స్నేహితులకి చెప్తాడు. అట్టపెట్టెలోంచి చెక్కలూ మరలూ తీసి బిగించడానికి ఇంకా గంటల తరబడి పని మిగిలే ఉంటుంది. అయినా అతను కొన్నది బల్లే. ఇంకా పూర్తికాని వస్తువుని కూడా మనం పూర్తి పేరుతోనే పిలుస్తామని చెప్పడానికి ఇచ్చిన ఉదాహరణలివి. ఇవి ఏ సాహిత్య సిద్ధాంత గ్రంథంలోవో కావు. 2025 మార్చి 26న అమెరికా సుప్రీంకోర్టు 'బాండీ వర్సెస్ వాండర్‌స్టాక్' కేసులో ఇచ్చిన తీర్పులో, మెజారిటీ తరపున జస్టిస్ నీల్ గోర్సచ్ రాసినవి. కోర్టు తేల్చాల్సింది నవల సంగతి కాదు, బల్ల సంగతీ కాదు. ఇంట్లో బిగించుకోవడానికి విడిభాగాలుగా అమ్మే తుపాకీ కిట్‌ని తుపాకీ అనవచ్చా లేదా అన్నది.

నేను సాహిత్య పరిశోధకురాలిని. తెలుగు స్త్రీల ఆత్మకథల్లో 'ఇల్లు' ఎలా కనిపిస్తుందన్నది నా పరిశోధనాంశం. తుపాకులతో నాకేం పని అని అడగొచ్చు. అయితే ఈ తీర్పునీ, ఇంట్లో తుపాకులు తయారుచేసుకునే అభిరుచి చుట్టూ అల్లుకున్న పుస్తకాల్నీ, ప్రకటనల్నీ, వాదనల్నీ చదువుతున్నప్పుడు నన్ను పదేపదే ఆపిన మాట 'తుపాకీ' కాదు, 'ఇల్లు'. ఆ మాటకి అక్కడ ఏ అర్థం ఇస్తున్నారు, ఆ అర్థంలో ఎవరికి చోటు దొరికింది, ఎవరు జారిపోయారు అన్నది చూడటమే ఈ వ్యాసం ఉద్దేశం. స్త్రీవాద విమర్శ మనకి నేర్పిన మొదటి పాఠం అదే కదా. రచనలో ఉన్నవాళ్లని చదవడంతో పాటు, ఉండాల్సి ఉండీ లేనివాళ్లని వెతకడం.

ముందు చట్టం సంగతి కొంత చెప్పుకోవాలి. అమెరికాలో 1968 నాటి తుపాకుల నియంత్రణ చట్టం ప్రకారం, తుపాకులు తయారుచేసి అమ్మడం వ్యాపారంగా పెట్టుకున్నవాళ్లు లైసెన్సు తీసుకోవాలి, ప్రతి తుపాకీ మీదా క్రమసంఖ్య చెక్కాలి, ఎవరికి అమ్మారో రికార్డు ఉంచాలి. 1993లో వచ్చిన బ్రేడీ చట్టంతో, లైసెన్సు ఉన్న దుకాణదారు కొనేవాళ్ల నేరచరిత్రని తనిఖీ చేయించాకే తుపాకీ చేతికివ్వాలి. ఈ నియమాలన్నీ అమ్మకం చుట్టూ కట్టినవి. ఒక మనిషి తన సొంత వాడకం కోసం ఇంట్లో తుపాకీ తయారుచేసుకుంటే జాతీయ చట్టం ప్రకారం లైసెన్సు అక్కర్లేదు, క్రమసంఖ్యా అక్కర్లేదు. మెషిన్‌గన్‌ల వంటి కొన్ని రకాలకి మాత్రం వేరే చట్టాలున్నాయి. తుపాకీ దగ్గర ఉంచుకోకూడదని చట్టం నిషేధించిన మనిషి ఇంట్లో చేసుకున్నా నేరమే. కానీ అతను ఆ నిషేధం కింద ఉన్నాడో లేదో ఇంటికి వచ్చి అడిగేవాళ్లుండరు.

ఈ మినహాయింపు పాతదే. లోహం పని తెలిసి, ఓపికా పనిముట్లూ ఉన్న కొద్దిమంది ఏళ్ల తరబడి దీన్ని సరదాగా చేస్తూ వచ్చారు. ఇరవై ఒకటో శతాబ్దంలో వచ్చిన మార్పు ఏమిటంటే, ఆ ఓపికా నైపుణ్యమూ లేకపోయినా ఫరవాలేదనే కిట్లు బజార్లోకి రావడం. ప్రధాన భాగాన్ని దాదాపు పూర్తిచేసి, కొంచెం పని మాత్రం మిగిల్చి అమ్ముతారు. వాడుకలో దానికి 'ఎనభై శాతం' అని పేరు. నూరు శాతం కాలేదు కాబట్టి అది తుపాకీ కాదు, తుపాకీ కాదు కాబట్టి తనిఖీ లేదు, క్రమసంఖ్య లేదు, పోస్టులో ఇంటికొస్తుంది. ఇలా తయారై, ఎక్కడిదో ఎవరిదో ఆచూకీ దొరకని తుపాకులకి 'ఘోస్ట్ గన్' అని పేరొచ్చింది. తీర్పులోనే కొన్ని లెక్కలున్నాయి. 2017లో ఆచూకీ కోసం పోలీసులు కేంద్ర సంస్థకి పంపిన ఇలాంటి తుపాకులు సుమారు 1,600. 2021 నాటికి ఆ సంఖ్య 19,000 దాటింది. 'బై, బిల్డ్, షూట్', అంటే కొను, కట్టు, కాల్చు అని పేరు పెట్టి అమ్మిన ఒక కిట్‌ని అంతకు ముందెప్పుడూ చూడని మనిషి దాన్ని పనిచేసే తుపాకీగా మార్చడానికి పట్టిన సమయం 21 నిమిషాలు.

2022లో ప్రభుత్వం ఇలాంటి కిట్లని కూడా తుపాకీ నిర్వచనంలోకి తెస్తూ నియమం చేసింది. అమ్మకందారులూ అభిరుచిపరులూ కోర్టుకెళ్లారు. సుప్రీంకోర్టు ఏడుగురు ఇద్దరి తేడాతో, కనీసం కొన్ని కిట్ల విషయంలోనైనా ఆ నియమం 1968 చట్టానికి లోబడే ఉందని చెప్పింది. ఇక్కడ రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, ఇది ప్రభుత్వం చేసిన నియమమే తప్ప శాసనసభ చేసిన చట్టం కాదు. చేసిన ప్రభుత్వం పోయి ఇంకోటి వస్తే నియమాన్ని తిరగరాయొచ్చు. రెండు, మొదటి నుంచీ సొంతంగా తన వాడకానికి చేసుకునే మనిషిని ఈ తీర్పు తాకలేదు. కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రాలు మాత్రం ఇంట్లో చేసుకున్నదానికి కూడా క్రమసంఖ్య ఉండాలని సొంత చట్టాలు చేసుకున్నాయి.

తీర్పు వచ్చాక చర్చంతా 'ఎప్పటి నుంచి తుపాకీ?' అన్న ప్రశ్న చుట్టూ తిరిగింది. ఎనభై శాతమా, తొంభయ్యా? ఎన్ని రంధ్రాలు వేశాక? ఎన్ని నిమిషాల పని మిగిలినప్పుడు? తత్వశాస్త్రంలా కనిపించే ఈ చర్చ నన్ను ఆకర్షించింది, విసిగించింది కూడా. రాతప్రతి ఎప్పుడు నవల అవుతుందన్న ప్రశ్నని సాహిత్యంలో మనమూ వేసుకుంటాం. ఆ ప్రశ్నకి జవాబు రచయిత దగ్గరే వెతికితే దొరకదు. చదివేవాళ్ల దగ్గర కూడా వెతకాలి. తుపాకీ విషయంలో అలా వెతికినవాళ్లు నాకు కనిపించలేదు. తయారుచేసేవాడి చేతుల్లోంచీ, చట్టం కళ్లలోంచీ మాత్రమే ఆ వస్తువుని చూశారు. ఆ చేతులున్న ఇంట్లో నివసిస్తున్న ఇంకో మనిషికి అది ఎప్పటి నుంచి తుపాకీ? భర్త పేర పోస్టులో అట్టపెట్టె వచ్చిన రోజు నుంచేనేమో. ఆమె దృష్టిలో ఎనభై శాతానికీ నూరు శాతానికీ తేడా ఏముంటుంది?

ఇక ఈ అభిరుచి సాహిత్యం దగ్గరికి వద్దాం. ఇంగ్లండులో ఫిలిప్ లూటీ అనే అతను 1998లో ఇంట్లో తుపాకులు తయారుచేయడం గురించి ఒక పుస్తకం ప్రచురించాడు. నియంత్రణ చట్టాలు నిష్ఫలమని చూపించడం అతని ఉద్దేశం. ఇంట్లో తుపాకీ తయారుచేసిన నేరానికి జైలుకి కూడా వెళ్లాడు. 2011లో చనిపోయాడు. ఆ పుస్తకం వచ్చిన సందర్భాన్ని మర్చిపోకూడదు. 1996 మార్చిలో స్కాట్లండులోని డన్‌బ్లేన్ అనే ఊళ్లో ఒకడు బడిలోకి చొరబడి 16 మంది పిల్లల్నీ వాళ్ల టీచర్నీ కాల్చి చంపాడు. ఆ తర్వాత పిస్తోళ్ల నిషేధం కోసం సాగిన 'స్నోడ్రాప్' సంతకాల ఉద్యమంలో ముందు నిలిచినవాళ్లు స్త్రీలే. 1997లో బ్రిటన్‌లో వచ్చిన కఠినమైన చట్టాలకి ఆ ఉద్యమం ఒక ముఖ్యమైన ఊపు. తల్లులు సంతకాలు సేకరించి తెచ్చుకున్న రక్షణని ఒక్క మనిషి తన షెడ్డులో కూర్చుని అర్థం లేనిదిగా నిరూపించొచ్చన్నది ఆ మరుసటి ఏడాది వచ్చిన పుస్తకం సారాంశం. లూటీని స్వేచ్ఛా యోధుడిగా చెప్పుకునే కథనాల్లో ఆ తల్లుల ప్రస్తావన నాకు కనబడలేదు.

తర్వాతి తరం ప్రతినిధి కోడీ విల్సన్. 2013 మే నెలలో, టెక్సాస్‌లో లా చదువుతున్న పాతికేళ్ల కుర్రాడు, త్రీడీ ప్రింటర్‌తో అచ్చేసుకోగలిగే 'లిబరేటర్' అనే పిస్తోలు నమూనాని ప్రపంచానికి విడుదల చేశాడు. రెండు రోజుల్లో లక్షసార్లకు పైగా దాన్ని దించుకున్నారు. అమెరికా విదేశాంగశాఖ తీసేయమంది. అదే ఏడాది లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం ఆ పిస్తోలుని తన సేకరణలో చేర్చుకుంది. 2015లో విల్సన్ సంస్థ ప్రభుత్వం మీద దావా వేసింది. కంప్యూటర్‌లో రాసిన నమూనా కూడా వాక్కే కాబట్టి దానికి వాక్ స్వాతంత్ర్యం వర్తిస్తుందని వాదించింది. 2018లో ప్రభుత్వం రాజీపడింది, సియాటిల్‌లో ఒక ఫెడరల్ జడ్జి ఆ రాజీ అమలుని ఆపారు. 2016లో విల్సన్ తన కథని పుస్తకంగా కూడా వేసుకున్నాడు.

'ఇది కేవలం రాత' అనే వాదన సాహిత్యం వాళ్లకి కొత్తేమీ కాదు. ఒక రచన స్త్రీలని కించపరిచిందని మనం అన్నప్పుడల్లా ఎదురయ్యే జవాబే అది. మనం ఎప్పుడూ నిషేధాలు కోరలేదు. రాతకి పర్యవసానాలుంటాయని మాత్రం చెప్తూ వచ్చాం. మరి చదవడం పూర్తికాగానే కాల్చగలిగే వస్తువుగా మారే రాత విషయంలో పర్యవసానాలు లేవని ఎలా అంటారు? పైగా ఈ వాదనలో ఒక వైరుధ్యం ఉంది. కోర్టులో అది మాట. మ్యూజియంలో అది కళాఖండం, చరిత్ర. ప్రచారంలో అది విమోచన. దాన్ని మామూలు ఆయుధంగా, అంటే గది మూలన ఉండి గదిలో ఉన్న ఇంకో మనిషి గొంతు తగ్గించే వస్తువుగా మాత్రం ఎక్కడా చెప్పరు.

ఈ రచనల్లో పాత్రలెవరు? ఒక మగవాడు, ఒక బల్ల, ఒక ప్రభుత్వం. మగవాడు బల్ల దగ్గర ఒంటరిగా ఉంటాడు. ప్రభుత్వం గుమ్మం బయట ఉంటుంది. కథంతా ఈ ఇద్దరి మధ్యే. ఆ ఇంటికి గోడలున్నాయి, తలుపుంది, తాళముంది, కానీ మనుషుల్లేరు. ఆ షెడ్డు పక్క గదిలో పడుకున్న పిల్లలు లేరు. భోజనానికి పిలిచే గొంతు లేదు. 'నా ఇల్లు, నా హక్కు' అనే వాక్యంలో రెండుసార్లు వచ్చే 'నా' అన్న మాట వాళ్లందరి మీదా తలుపేసేసింది.

ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. చేత్తో వస్తువు చేయడంలో ఉన్న ఆనందం అబద్ధం కాదు. ఫెలోషిప్ మీద ఆస్టిన్‌లో తొమ్మిది నెలలున్నప్పుడు, పక్కింటి పెద్దాయన తన గరాజులో నాకు ఆకురాళ్లు చూపించారు. పొడుగు వరుసలో పేర్చి, ప్రతి సొరుగు మీదా తన చేతిరాతతో చీటీ అంటించి ఉంచారు. డెబ్భై దాటినాయన, రిటైరైన ఇంజనీరు. ఆరేళ్ల కిందట తనే చేసుకున్న రైఫిలు ఒకటి ఇనప బీరువాలో ఉంది. దాన్ని బయటికి తీయలేదు గానీ, దాని కోసం చెక్కిన వాల్‌నట్ చెక్క ముక్కల్ని, పనికిరాక పక్కన పడేసిన వాటిని కూడా, పసిపిల్ల బట్టల్ని చూపించినంత మురిపెంగా చూపించారు. ఆ గరాజులోనే ఓ మూల దుప్పటి కప్పిన కుట్టుమిషను ఉంది. అది వాళ్లావిడది. ఆవిడ టీ ఇస్తూ మాట్లాడుతుంటే, ఇంట్లో తుపాకీ ఉండటం గురించి మీకెప్పుడైనా భయం వేసిందా అని అడిగాను. ఆవిడ కొంచెంసేపు ఆలోచించి, "ఆయన మంచివాడు. అందుకని నాకు ఆ ఆలోచనే రాలేదు" అన్నారు.

ఆ మాట వినగానే నాకు మా అమ్మమ్మ, మా పిన్ని, మా వీధిలో ఎందరో గుర్తొచ్చారు. 'మా ఆయన మంచివాడు కాబట్టి సరిపోయింది' అనే మాట మన ఇళ్లలో ఎన్నిసార్లు వినలేదూ! ఆయన తాగడు కాబట్టి, చెయ్యి చేసుకోడు కాబట్టి, జీతం ఇంట్లో ఇస్తాడు కాబట్టి. ఆడవాళ్ల క్షేమం మగవాడి స్వభావం మీద ఆధారపడి ఉండటాన్ని అదృష్టం అంటున్నాం. అది హక్కు కాదు. మంచివాళ్లే ఎక్కువమంది ఉండొచ్చు, ఇంట్లో తుపాకులు చేసుకునేవాళ్లలో కూడా. కానీ మంచివాడు కాని మనిషి ఇంట్లో ఉన్న స్త్రీకి చట్టం తప్ప ఇంకేముంది? అందుకే ప్రశ్న ఆ పెద్దాయన గురించి కాదు. ఆయన సరదాకి ఇచ్చిన మినహాయింపు ఎవరెవరికి అందుతోంది అన్నదాని గురించి.

అమెరికాలో స్త్రీల ఉద్యమం పోరాడి తెచ్చుకున్న రక్షణల్లో కొన్ని నేరుగా తుపాకీకి సంబంధించినవి. కొట్టే భర్త మీద కోర్టు రక్షణ ఉత్తర్వు ఉంటే అతను తుపాకీ ఉంచుకోకూడదని 1994లో చట్టం వచ్చింది. 1996లో లాటెన్‌బర్గ్ సవరణ, గృహహింసలో చిన్న నేరానికి శిక్షపడినవాళ్లకి కూడా ఆ నిషేధాన్ని విస్తరించింది. పెళ్లికాని సహచరుల విషయంలో ఉన్న లొసుగుని 2022లో కొంతవరకు పూడ్చారు. ఇవి ఊరికే రాలేదు. జాక్వెలిన్ క్యాంప్‌బెల్, ఇతర పరిశోధకులు అమెరికాలోని 11 నగరాల్లో చేసిన అధ్యయనం 2003లో అచ్చయింది. హింసించే మగవాడి అందుబాటులో తుపాకీ ఉంటే ఆ స్త్రీ హత్యకు గురయ్యే ప్రమాదం అయిదు రెట్లు పెరుగుతుందని అది తేల్చింది.

ఈ నిషేధాలు ఎక్కడ పనిచేస్తాయో గమనించాలి. దుకాణం కౌంటరు దగ్గర. ఒక స్త్రీ భయపడుతూ కోర్టుకెళ్లి, జరిగింది చెప్పి, ఉత్తర్వు తెచ్చుకుంటుంది. ఆమె చెప్పిన మాట ఒక రికార్డులోకి చేరుతుంది. ఎప్పుడో ఎక్కడో అతను తుపాకీ కొనబోయినప్పుడు కౌంటరు వెనకున్న మనిషి ఆ రికార్డు చూసి 'ఇవ్వను' అంటాడు. ఆమె ఎదురుగా లేకుండానే ఆమె మాట అక్కడ చెల్లుబాటవుతుంది. వ్యక్తుల మధ్య నేరుగా సాగే అమ్మకాల్లో చాలా రాష్ట్రాల్లో ఈ తనిఖీ లేదు కాబట్టి ఆ రక్షణకి మొదట్నుంచీ చిల్లులున్నాయి. ఇంటికొచ్చే కిట్ అయితే కౌంటరునే లేకుండా చేసింది. అభిరుచిపరులు ప్రభుత్వ నిఘా నుంచి తప్పించుకున్నామని అనుకుంటారు. వాళ్లు తప్పించుకున్నది ఆ స్త్రీ మాటని కూడా.

2022 ఫిబ్రవరి 28న కాలిఫోర్నియాలోని శాక్రమెంటో దగ్గర ఒక చర్చిలో ఒక తండ్రి తన ముగ్గురు కూతుళ్లని చంపి, తనని తను కాల్చుకున్నాడు. పిల్లలకి తొమ్మిది, పది, పదమూడేళ్లు. వాళ్ల తల్లి అతని మీద రక్షణ ఉత్తర్వు తెచ్చుకుంది. అతను తుపాకీ ఉంచుకోకూడదు. పిల్లల్ని ఇంకొకరి సమక్షంలోనే కలవాలి. అలా పర్యవేక్షణకి వచ్చిన మనిషిని కూడా చంపాడు. వాడిన రైఫిలు ఇంట్లో తయారుచేసింది. 2017 నవంబరులో అదే రాష్ట్రంలో రాంచో టెహామా అనే చిన్న ఊళ్లో ఒకడు ముందు భార్యని చంపాడు. మర్నాడు వీధిలోకొచ్చి ఇంకో నలుగుర్ని చంపాడు. అతని మీద కూడా తుపాకులు ఉంచుకోకూడదని కోర్టు ఆదేశం ఉంది. అతని రైఫిళ్లు కూడా ఇంట్లో తయారుచేసినవే. వార్తలు ఈ రెండో సంఘటనని బహిరంగ కాల్పుల జాబితాలో వేశాయి. అది మొదలైంది మాత్రం ఇంట్లో, భార్యతో.

రెండు సంఘటనలు చూపించి మొత్తం చెప్పేశాననను. అమెరికాలో స్త్రీల హత్యల్లో ఎక్కువ భాగం కంపెనీల తుపాకులతోనే జరుగుతున్నాయి. ఉత్తర్వు ఉన్నా అప్పటికే ఇంట్లో ఉన్న తుపాకుల్ని స్వాధీనం చేసుకోకపోవడం ఇంకా పెద్ద సమస్య. కానీ ఆ శాక్రమెంటో తల్లి చేయవలసినవన్నీ చేసింది. కోర్టుకెళ్లింది, ఉత్తర్వు తెచ్చుకుంది, షరతులు పెట్టించింది. మనం స్త్రీలకి ఇచ్చే సలహాలన్నీ పాటించింది. చట్టం ఆమె వైపే ఉంది. ఇంట్లో ఏం తయారవుతోందో చూసే కన్ను మాత్రం ఆ చట్టానికి లేదు.

ఇక్కడే 'సంప్రదాయం' అనే మాట వస్తుంది. అమెరికాలో వలస కాలం నుంచీ మనుషులు సొంతంగా తుపాకులు చేసుకున్నారు, అది మా సంప్రదాయం అని ఈ అభిరుచిని సమర్థించేవాళ్లంటారు. 2022లో బ్రూయెన్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాటకి చట్టబద్ధమైన బలం ఇచ్చింది. తుపాకుల మీద పెట్టే ఏ ఆంక్షకైనా చారిత్రక సంప్రదాయంలో ఆధారం చూపించాలంది. దాని ఫలితం 2023లో కనిపించింది. సహచరిని కొట్టి రక్షణ ఉత్తర్వు కింద ఉన్న రహీమీ అనే మనిషి కేసులో, అలాంటివాళ్ల నుంచి తుపాకీ తీసేసే చట్టానికి చరిత్రలో పోలిక లేదు కాబట్టి అది చెల్లదని టెక్సాస్ మీద అధికారం ఉన్న అప్పీలు కోర్టు చెప్పేసింది.

పోలిక ఎలా ఉంటుంది? రెండో సవరణ వచ్చిన 1791లో పెళ్లయిన స్త్రీకి చట్టంలో వేరే ఉనికే లేదు, భర్త ఉనికిలో కలిసిపోయింది. భార్యని కొట్టే హక్కు భర్తకి లేదని అలబామా సుప్రీంకోర్టు ఫుల్గమ్ కేసులో చెప్పింది 1871లో. కొట్టడం నేరమే కానప్పుడు, కొట్టినవాడి తుపాకీ తీసుకునే చట్టం ఎక్కడ నుంచి వస్తుంది? స్త్రీలని చరిత్రలో లేకుండా చేసి, చరిత్రలో లేరు కాబట్టి ఇప్పుడూ రక్షణ లేదనడం ఎలాంటి తర్కమో మనకి చెప్పనక్కర్లేదు. మన శాస్త్రాలూ ఆచారాలూ పేరుతో ఈ తర్కాన్ని మనం తరాలుగా వింటూనే ఉన్నాం. 2024 జూన్ 21న సుప్రీంకోర్టు ఎనిమిది మంది ఒకరి తేడాతో ఆ తీర్పుని కొట్టేసింది. భిన్నంగా రాసిన ఒకే ఒక్కరు జస్టిస్ క్లారెన్స్ థామస్. కిట్ల కేసులో భిన్నాభిప్రాయం రాసిన ఇద్దరిలో కూడా ఆయన ఒకరు. రెండు తీర్పుల్నీ పక్కపక్కన పెట్టి చదివితే, వేర్వేరు విషయాలుగా కనిపించే గృహహింస, ఇంటి తుపాకీ ఒకే ప్రశ్నకి రెండు ముఖాలని అర్థమవుతుంది. గుమ్మం దగ్గర చట్టం ఆగిపోవాలా?

ఇంకో వైపు నుంచి రాగల ప్రశ్న కూడా ఉంది, దాన్ని దాటవేయడం నిజాయితీ కాదు. ఇంటి తుపాకీ బలహీనుల ఆయుధం కూడా కదా? మయన్మార్‌లో 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నాక, ప్రతిఘటన దళాల్లో కొందరు త్రీడీ ప్రింటర్‌తో చేసిన తుపాకులే పట్టుకున్నారు. మన దేశంలో 1878 ఆయుధాల చట్టం భారతీయులకి లైసెన్సు తప్పనిసరి చేసి యూరోపియన్లకి మినహాయింపు ఇచ్చింది. నిరాయుధుల్ని చేయడం ఏలేవాళ్ల పని అని మనకి అనుభవంలో తెలుసు. 1959 చట్టం ప్రకారం ఇప్పుడూ లైసెన్సు లేకుండా తుపాకీ తయారుచేయడం నేరం. 2019 సవరణతో ఆ నేరానికి యావజ్జీవం దాకా శిక్ష వేయొచ్చు. అమెరికాలో అభిరుచి అయిన పని ఇక్కడ బీహార్‌లోని ముంగేర్‌లో చేస్తే నేరం. మీర్ ఖాసిం కాలం నుంచీ తుపాకుల తయారీ ఉన్న ఊరది. అక్కడ దొంగచాటుగా కట్టాలు చేసే పేద పనివాడినీ, మన ఏజెన్సీలో నాటు తుపాకీతో దొరికిన గిరిజనుడినీ ఎవరూ స్వేచ్ఛా యోధులనలేదు, మ్యూజియంలో పెట్టలేదు. చేసేవాడి వర్గమూ రంగూ కులమూ మారితే అదే పనికి పేరు మారిపోతుంది. ఆ తేడాని చూడకుండా శిక్షలు పెంచమని అడగడం నా ఉద్దేశం కాదు.

కానీ ఆయుధం చేతికి రావడం వల్ల ఇల్లు మారుతుందా అన్న ప్రశ్నకి మన దగ్గరే ఒక జవాబుంది. 1946 నుంచి 1951 దాకా సాగిన తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాల్ని స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా తెచ్చింది. దళాల్లో తిరిగిన స్త్రీలు, తుపాకీ పట్టిన స్త్రీలు, పోరాట విరమణ తర్వాత ఎక్కడికి వెళ్లమన్నారో ఆ పుస్తకం చదివినవాళ్లకి తెలుసు. ఇంటికి, వంటకి, పెళ్లికి. వాళ్లు రాజ్యంతో పోరాడారు, ఇల్లు మాత్రం వాళ్ల కోసం అలాగే కాచుకుని ఉంది. రాజ్యానికి ఎదురు నిలవడమే స్వేచ్ఛ అనుకునే ఏ సిద్ధాంతమైనా, లూటీదైనా విల్సన్‌దైనా మనవాళ్లదైనా, ఇంటి లోపల ఉన్న అధికారాన్ని లెక్కలోకి తీసుకోకపోతే అది సగం మంది స్వేచ్ఛ గురించే మాట్లాడుతున్నట్టు.

ఇదంతా అక్కడి గొడవ, మనకెందుకు అనుకోవడానికి కూడా లేదు. మన ఊళ్ల నుంచి వెళ్లి స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబాలు ఆ చట్టాల కిందే బతుకుతున్నాయి. భర్త వీసా మీద ఆధారపడి వెళ్లిన అమ్మాయికి అక్కడ పుట్టిల్లు లేదు, పలకరించే ఇరుగుపొరుగు లేదు. దక్షిణాసియా స్త్రీల కోసం న్యూజెర్సీలో 1985లోనే 'మానవి' అనే సంస్థ పుట్టిందంటే ఆ అవసరం ఎంత పాతదో తెలుస్తుంది. ఆమె కోర్టుకెళ్లి ఉత్తర్వు తెచ్చుకునే ధైర్యం చేస్తే, ఆ కాగితం ఎంతవరకు ఆమెని కాపాడుతుందన్నది ఈ తీర్పులన్నిటి మీదా ఆధారపడి ఉంటుంది.

మరి చట్టం ఇంట్లోకి రావాలా అంటే, ఆ మాట స్త్రీలు కొత్తగా అడుగుతున్నది కాదు. మన దేశంలో 2005లో చేసి, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకి తెచ్చిన గృహహింస నిరోధక చట్టంలో నాకు ఎంతో ఇష్టమైన భావన ఒకటుంది. 'షేర్డ్ హౌస్‌హోల్డ్', ఉమ్మడి నివాసం. ఇల్లు ఎవరి పేర రిజిస్టరైంది అని ఆ చట్టం అడగదు. అందులో ఎవరు నివసిస్తున్నారు అని అడుగుతుంది. పట్టాలో పేరు లేకపోయినా ఆమెకి అక్కడ ఉండే హక్కుంది. అత్తమామల పేర ఉన్న ఇల్లు కూడా ఉమ్మడి నివాసం కావచ్చని 2020 అక్టోబరులో మన సుప్రీంకోర్టు సతీశ్ చందర్ అహుజా కేసులో స్పష్టం చేసింది. అమలులో ఎన్ని లోపాలున్నా, ఇల్లంటే ఒక్కరి సొత్తు కాదు, కొందరు కలిసి బతికే చోటు అన్న మాట చట్టంలోకి ఎక్కింది.

ఆ ఒక్క మాటని ఇంటి తుపాకీ సాహిత్యం పక్కన పెట్టి చూడండి. సొంత ఇల్లు, సొంత బల్ల, సొంత వాడకం అనే వరుస అక్కడే తెగిపోతుంది. ఉమ్మడి నివాసంలో 'సొంత వాడకానికి మాత్రమే' అయిన తుపాకీ అంటూ ఉండదు. అక్కడ ఉన్నవాళ్లందరి బతుకుల్లోనూ అది ఉన్నట్టే. క్రమసంఖ్య చెక్కమనడం, తయారుచేసుకునే మనిషి కూడా తనిఖీకి నిలబడాలనడం ఆ సరదా మీద దాడి కాదు. ఆ ఇంట్లో ఇంకొకరున్నారని ఒప్పుకోవడం. ఆస్టిన్ పెద్దాయన లాంటివాళ్లకి దానివల్ల పోయేది ఒక సాయంత్రం, కాస్త ఫీజు. 'ఆయన మంచివాడు' అని చెప్పగలిగే అదృష్టం లేని స్త్రీకి మాత్రం, కోర్టులో తను చెప్పిన మాట తన ఇంటి తలుపు దాకా వచ్చి నిలబడుతుంది.